వాకిట్లో నిలబడిన మేళం

ఈ పొద్దున మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక చావు కబురు పెట్టారు. కోవిల్‌పట్టిలో మా మామ వాళ్ళ వీధి చివర వేరుశనగ మిఠాయి కొట్టు పెట్టుకున్న పెద్దాయన పోయారట. పది నిమిషాల్లో నలభై జతల చేతులు దణ్ణం పెట్టాయి. ఒక పెద్దమ్మ ఏడుస్తున్న బొమ్మలు వరసగా ఆరు పెట్టింది. నా బొటనవేలు కూడా దణ్ణం బొమ్మ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. గ్రూపులోంచి బయటికొచ్చి కొట్టుకే ఫోన్ చేశాను. ఎత్తింది పెద్దాయనే. "ఎన్ని కిలోలు?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక రెండు కిలోలు చెన్నైకి పంపమని చెప్పి పెట్టేశాను.

ఇలా ఆగి అడగడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. నాకు పుట్టుకతో వచ్చింది కోపం. రెండేళ్ళ కిందట చెన్నైలో ఒక ఆఫీసు మీటింగులో టీమ్ లీడర్ నన్ను మధ్యలో ఆపాడని లాప్‌టాప్ మూసేసి, "మీరే మాట్లాడుకోండి" అని లేచి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళు నిజంగానే వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు, నన్ను మళ్ళీ పిలవలేదు. మా అమ్మ పది రోజులు నా ముఖం చూసి, పెట్టె సర్ది, కోవిల్‌పట్టి రైలెక్కించింది. "మా అన్న దగ్గర నాలుగు నెలలు ఉండు. ఆయన్ని చూస్తేనే కోపం తగ్గుద్ది" అంది. ఒక మనిషిని మాత్రలాగా వాడొచ్చని నాకప్పుడే తెలిసింది.

మామ ఒక తమిళ దినపత్రికకు విలేకరి. వయసులో ఉండగా చాలా ఏళ్ళు విరుదునగర్‌లో చేసి, తర్వాత కోవిల్‌పట్టికి వచ్చాడు. విరుదునగర్‌లో ఉన్న మరో విలేకరిని ఎక్కడికో మార్చడంతో చివరి నెలల్లో ఆ ఊరు కూడా మామ నెత్తినే పడింది. తమిళంలో విలేకరిని నిరుబర్ అంటారు. ఊళ్ళో మామకు అదే పేరు. టీ కొట్టువాడు, పోలీసులు, కూరగాయలమ్మి అందరికీ ఆయన నిరుబరే. కోపం వచ్చినప్పుడు అత్తక్కూడా అంతే: "నిరుబర్ స్నానం చేస్తారా, నీళ్ళు పారపోసేదా?" అనేది. మా ఇళ్ళల్లో గడప దాటితే తమిళం, లోపలికొస్తే తెలుగు. ఆ తెలుగు కూడా మా తాతలు ఏ కాలంలో తెచ్చుకున్నారో ఆ కాలంలోనే ఉండిపోయింది, పైన తమిళం పూత పూసుకుని. హైదరాబాదు స్నేహితురాలు ఒకసారి ఫోన్లో మామ గొంతు విని, "మీ మామకు ఎన్నేళ్ళే, రెండొందలా?" అని అడిగింది.

మామ చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆఫీసుకు ఆ ముత్యాలతో పనిలేకుండా పోయింది. వెనకటి రోజుల్లో ఆయన రాసిన కాగితాలు కవర్లో పెట్టి మదురై బస్సు డ్రైవరుకు ఇచ్చేవాడట. వార్త డ్రైవరు పక్కన గాలి పీల్చుకుంటూ వెళ్ళేది, అటు నుంచి ఒక మనిషి వచ్చి దాన్ని దింపుకునేవాడు. తర్వాత ఫ్యాక్స్ వచ్చింది. ఆ తర్వాత అన్నీ ఫోన్లో టైపు చేసి పంపాలన్నారు, ఆఫీసే ఒక స్మార్ట్‌ఫోన్ ఇచ్చింది. మామ దాన్ని రెండు చేతులతో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకునేవాడు. నేను దిగిన రెండో రోజే అది నా చేతికొచ్చింది. ఆయన వరండాలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవాడు, నేను మెట్టు మీద కూర్చుని కొట్టేదాన్ని. ఫుల్‌స్టాప్ కూడా పైకే చెప్పేవాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మందు వాసన, అత్త వేయించే ఎండుమిరపకాయల ఘాటు, మామ ఫుల్‌స్టాప్‌లు, ఈ మూడూ కలిస్తేనే ఇప్పటికీ నాకు కోవిల్‌పట్టి సాయంత్రం.

చిన్నవైనా పెద్దవైనా వార్తలన్నిటికీ ఆయన అడిగే ప్రశ్నలు అవే. పేరేమి, వయసెంత, ఏ ఊరు, అప్పుడు పక్కన ఎవరుండారు. చావు వార్తకు మాత్రం ఒక వరస ఉండేది. ఫోన్లో ఎవరెంత నమ్మకంగా చెప్పినా రాసేవాడు కాదు. ఆ ఇంటికి వెళ్ళాలి, వాకిట్లో నిలబడాలి, ఇంటివాళ్ళలో ఒకరు నోటితో చెప్పాలి. ఆ ఇంట్లో కాఫీ ఇచ్చినా తాగేవాడు కాదు. రాసుకుని, రోడ్డు మీదికొచ్చి, అప్పుడు ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. ఒక పెద్ద రాజకీయ నాయకుడు పోయాడని ఊరంతా కొట్లు మూసేసినా మామ బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాడట. "అంత మంది చెప్తాంటే నమ్మకూడదా మామా?" అని అడిగాను. "అంత మందికి ఒకడే చెప్పుంటాడు పాపా" అన్నాడు. ఆయన గొప్ప చెప్పుకోగా నేను విన్నది ఒక్కటే: "ముప్పైయేండ్లకు పైన రాస్తిని. బతికుండే మనిషిని ఒకర్ని కూడా చంపలేదు."

నాకది చాదస్తంగా అనిపించేది. ఎందుకంటే ఊళ్ళో ఇంకో విలేకరి ఉన్నాడు, నా వయసువాడు, ఒక టీవీ చానల్ మైకు బైకుకు తగిలించుకుని తిరిగేవాడు. ఒకసారి ఎండాకాలంలో నీళ్ళకోసం వచ్చి ఒక జింక పొలంలో బావిలో పడింది. అతను అరగంటలో వీడియో పెట్టేశాడు. మామ వెళ్ళి, బావి ఎవరిది, దింపిన తాడు ఎవరిది, లోపలికి దిగినవాడు ఎవరు అని రాసుకునేసరికి పేజీ సమయం దాటిపోయింది, మర్నాడు కాక ఆ పైరోజు పేపర్లో వచ్చింది. టీ కొట్టు దగ్గర అందరిముందూ అతను తమిళంలో అన్నాడు, "అయ్యా, మీ వార్త వచ్చేలోపల ఆ జింక అడివికి పోయి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కూడా కనేసింది." అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నేను మాత్రం గ్లాసు బల్లమీద గట్టిగా పెట్టాను, టీ అతని చొక్కా మీద చిందింది. అది పొరపాటున జరిగిందని మామ అతనికి చెప్పాడు, కాదని నేను చెప్పాను.

నేను వెళ్ళిన నాలుగో నెలాఖరుతో మామ ఉద్యోగం ముగుస్తోంది. ఆ నెలాఖరు ఒక మంగళవారం. సాయంత్రం అయిదుకు కోవిల్‌పట్టిలోనే ఒక హాల్లో వీడ్కోలు సభ, మదురై నుంచి డెస్కు చీఫ్ స్వయంగా వస్తున్నాడు. ముందురోజు సోమవారం, విరుదునగర్ కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. ఆఖరిసారి కదా అని మామ పొద్దున్నే బయల్దేరాడు. అర్జీలు తీసుకునేచోట ఆయన తన బటన్ల ఫోను ఆపేస్తాడు. ఆఫీసు ఫోను నా దగ్గరుంది.

నాలుగు గంటలకు అది మోగింది. పుదూరు అవతల నల్లరేగడి పల్లెలో ఒక టైలర్ ఉన్నాడు, ఆ వైపు ఏం జరిగినా మామకు చెప్పే మనిషి. "నిరుబర్ లేడా పాపా? ప్రెసిడెంట్ ఇంట్లో కేతం. వాకిట్లో మేళం నిలబడుండాది. జనం వస్తాండారు. నిరుబర్‌కి చెప్పు" అన్నాడు. కేతం అంటే మా వైపు చావు జరిగిన దుఃఖం. ప్రెసిడెంట్ అంటే ఆ ఊరికి మూడుసార్లు పంచాయతీ ప్రెసిడెంటుగా చేసిన పెద్దాయన, ఎనభై దాటిన మనిషి. ఆయన ఫొటో ఫోన్లోనే ఉంది, బడి వార్షికోత్సవంలో దండ వేసుకున్నది. నాకు జింక గుర్తొచ్చింది. ఈసారి ఎవరికన్నా ముందు మామ పేపరే అనిపించింది. జిల్లా పేజీకి ఇంకా గంటన్నర టైముంది. పది వరసలు కొట్టాను. మూడుసార్లు ప్రెసిడెంటు, ఊరికి బోరు వేయించారు, ఇద్దరు కొడుకులు. వయసు తెలియక ఎనభై రెండు వేశాను. చివర్లో కొంచెం రుచికోసం "మేళం మోగుతుండగా ఊరంతా కన్నీరు మున్నీరైంది" అని కూడా వేసి పంపాను. అటునుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

సాయంత్రం మామ విరుదునగర్ నుంచి నూనెలో కరకరలాడేలా వేయించిన పరోటాలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. మిరపకాయల గోదాముల వీధిలో పాతవాళ్ళందరికీ చెప్పి వచ్చానని, దానికి తుమ్ములే సాక్ష్యమని, తిన్నంతసేపూ తుమ్ముతూనే ఉన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. పొద్దున పేపర్లో చూసి ఆశ్చర్యపోవాలని ముసిముసిగా నవ్వుకుంటూ పడుకున్నాను.

మామ రోజూ తెల్లారకముందే బస్టాండుకు నడిచి వెళ్ళి, కట్ట విప్పుతుండగానే పేపరు తీసుకునేవాడు. ఆ మంగళవారం వచ్చి చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చున్నాడు. పేపరు ఆ పేజీ దగ్గర మడిచి ఉంది.

"ఇది యాడినుంచి పోయె పాపా?"

"నేనే పంపాను మామా. మీరు లేరు కదా, ఎవరికన్నా ముందు మనమే వేద్దామని."

"టైలర్ ఏమి చెప్పె? ఒక్కొక్క మాటా చెప్పు."

చెప్పాను. మామ కళ్ళు మూసుకుని విన్నాడు. "మేళం కూర్చోనుండాదనెనా, నిలబడుండాదనెనా?"

"నిలబడుంది అన్నాడు. కూర్చుంటే ఏంటి, నిలబడితే ఏంటి? చావు చావే కదా!" నా గొంతు అప్పటికే లేచింది. తప్పు చేశానని అనుమానం వస్తే నాకు ముందు వచ్చేది కోపమే.

"చావు ఆ ఇంట్లోనే అయితే మేళంవాళ్ళు పందిరి పక్కన కూర్చుంటారు పాపా. పీనుగ లేసేదాకా కూర్చోనే కొడతారు. వాకిట్లో నిలబడుండారంటే, ఇంకో ఊరికి పోయేదానికి వ్యాను కోసం చూస్తాండారు. ఆ ఇంట్లో పుట్టిన ఆడది యాడో పోయింటాది. పుట్టింటి చీర ఎత్తుకోని మేళంతో పోవాల గదా." ఇంత చెప్పి టైలర్‌కు ఫోన్ చేశాడు. స్పీకరులో నేనూ విన్నాను. ప్రెసిడెంటుకు ఏమీ కాలేదు. కారియాపట్టిలో ఉన్న ఆయన అక్క పోయింది. చీర పెట్టి, కార్యం ముగించుకుని, ఆయన రాత్రే తిరిగొచ్చాడు. "పొద్దుటాల నుంచి ఊర్లో అందురూ ఆయన్ని తొట్టి చూస్తాండారు నిరుబరే" అన్నాడు టైలర్. అంటే ముట్టుకుని చూస్తున్నారని.

అత్త కాఫీ గ్లాసుతో తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఈపొద్దేనా ఇది కావాల" అంది, అంతే. నాకది దెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఆ రోజు సాయంత్రానికి మామ విలేకరి కాడు. ముప్పైయేళ్ళలో చెప్పుకున్న ఆ ఒక్క గొప్పా నేను ఆఖరి పొద్దున తీసేశాను.

ఏడింటికల్లా డెస్కు చీఫ్ ఫోన్ చేశాడు. మామ కన్నా చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. మామ చెప్పిందంతా విని, ఆ టైలర్ తప్పుడు సమాచారం ఇచ్చాడని నాలుగు వరసలు సవరణ వేసేద్దాం, మీ మీదికి రాకుండా నేను చూసుకుంటాను అన్నాడు. "టైలర్ తప్పు చెప్పలేదు, చూసింది చూసినట్టు చెప్పాడు" అన్నాడు మామ. నేను ఫోను లాక్కోబోయాను, పంపింది నేనని చెప్పేద్దామని. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టేశాక అన్నాడు, "ఈ నంబర్లో పోయిన శెయిది నాది. నువ్వు కొడితివి, అంతే." శెయిది అంటే ఆయన మాటలో వార్త. అయితే నేనే ఒక వీడియో తీసి క్షమించమని పెడతానన్నాను. "నీ ఫోన్లో నువ్వు మన్నిపు అడిగితే నీకు లైకులు వస్తాయి. ఆయనకి ఏమి వస్తాది? చెప్పులు ఏస్కో. పుదూరు బస్సు ఉండాది."

పుదూరులో దిగేసరికి ఎండ ఎక్కింది. బస్టాండు గోడ మీద ప్రెసిడెంటుగారు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. కన్నీటి అంజలి పోస్టరు. మా పేపర్లో వేసిన ఫొటోనే, దండతో సహా. జిగురు ఇంకా ఆరలేదు. మా వైపు బతికున్నప్పుడు పలకరించడానికి తీరిక లేనివాళ్ళు కూడా పోస్టరుకు మాత్రం ఆలస్యం చెయ్యరు. మామ దాని ముందు నిలబడి చివరి వరస దాకా చదివాడు. నేను పీకేయబోతే ఆపాడు. "వద్దు. అది వాళ్ళది. మనది పేపర్లో ఉండాది." అలవాటుగా ఫోన్ తెరిచాను. టీ కొట్టు దగ్గర నవ్వించిన ఆ టీవీ కుర్రాడి చానల్లో కూడా ప్రెసిడెంటు పోయినట్టు స్క్రోలింగ్ వెళ్ళింది, మా వాక్యాలే, ఆ కన్నీరు మున్నీరుతో సహా. మామకు చూపించాను. ఆయన తల తిప్పుకుని ఊరి బస్సు కోసం చూశాడు.

ప్రెసిడెంటు ఇంటి ముందు ఒక కారు ఆగి ఉంది. ఒక పార్టీ మనిషి చేతుల నిండా గులాబీల దండ పట్టుకుని, దాన్ని కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని రాగి గంజి తాగుతున్నారు. పక్కన మా పేపరు, దాని మీద పెన్సిలు.

"రా నిరుబరే, రా. నిన్ను చూసేదానికే ఇంకా ప్రాణం పెట్టుకోని ఉండాను" అన్నారు. మామ చేతులు జోడించి, తప్పు జరిగిపోయిందని, తనను మన్నించమని అడిగాడు. పెద్దాయన వినలేదు, పేపరు ఎత్తారు. "బోరు వేయించినాడని రాసిండావు. ఒకటా? మూడు వేయిస్తి. ఇద్దరు కొడుకులు సరే, నా కూతురు ఏమాయె? ఆమె చూస్తే నిజంగా చంపేస్తాది. ఇంక ఇది చూడు, ఊరంతా కన్నీరంట. ఎవరెవరు ఏడ్చినారో పేర్లు ఇయ్యి, నేను పోయి కనుక్కోని వస్తాను."

"అది నేను రాసింది తాతా. మామకు తెలియదు" అనేశాను. ఈసారి మామ చెయ్యి అడ్డం రాలేదు.

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఎవరు బిడ్డ?"

"మా చెల్లెలి కూతురు. మెడ్రాసు" అన్నాడు మామ.

"అదే చూస్తిని. ఆడ మేళం ఎప్పుడు నిలబడుద్ది, ఎప్పుడు కూర్చుంటాది అని ఎవరు చూస్తారు." గంజి గిన్నె పక్కన పెట్టారు. నవ్వు కూడా దాంతోనే పక్కకు వెళ్ళిపోయింది. "నిరుబరే, ఒకటి అడుగుతాను. నేను సావలేదు, నాకు పది వరసలు, ఫొటో. మా అక్క నిజంగానే పాయె. ఆమెకు ఒక వరస లేదు. అమ్మ పోయినప్పుడు నాకు మూడేండ్లు. ఆ అక్క నన్ను సంకలో ఏసుకోనే పత్తి తీసింది. నేను బడికి పోతినంటే, ప్రెసిడెంట్ అయితినంటే, అంతా ఆ సంక. ఆమె పేరు వేస్తారా పేపర్లో?"

పదవి లేని, ఊళ్ళో సంఘం లేని ఆడమనిషి చావు జిల్లా పేజీలో రాదు. ప్రకటనగా ఇవ్వమంటారు. ఆ సంగతి మామకు అందరికన్నా బాగా తెలుసు. అయినా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. పేరు అడిగాడు. వయసెంత అని అడిగాడు.

పెద్దాయన ఆలోచించారు. "నాకంటే పదేండ్లు పెద్ద. నా వయసు మీరే రాసిండారు గదా, దాంట్లో పది కలుపుకో."

నేను నేల చూశాను. మామ నోటుబుక్కు మూశాడు. "లేదు పెద్దాయనా. నేను ఆ ఇంటికి పోయి నిలబడి కనుక్కోవాల."

"ఈపొద్దు నీకు మీటింగ్ అనిరే? శాలువా కప్పుతారంటనే?"

"శాలువా యాడికీ పోదు" అన్నాడు మామ.

అలా ఆఖరి పనిరోజు మధ్యాహ్నం మేం అరుప్పుకోట్టై మీదుగా కారియాపట్టి బస్సులో ఉన్నాం. రెండు పక్కలా వానకోసం నోరు తెరుచుకున్న నల్లనేల. మామ కిటికీలోంచి చూస్తూ ఇక్కడ ఫలానా ఏట పంట ఎండిపోయిందని, ఆ మలుపులో లారీ పడిందని చెప్తూ పోయాడు. ఆయనకు ఊళ్ళు పేర్లతో గుర్తులేవు, వార్తలతో గుర్తున్నాయి. నేను మాత్రం టైము చూసుకుంటూనే ఉన్నాను. అత్త నుంచి నాలుగు మిస్డ్ కాల్స్.

ఆ ఇంటి ముందు పందిరి ఇంకా విప్పలేదు. మామ వాకిట్లో ఆగి, నన్ను ముందుకు తోశాడు. "నువ్వు అడుగు. ఫోన్ సంచిలో ఏసేయి. ఫోన్ చూస్తా అడిగితే వాళ్ళు ఫోన్‌కి జవాబు చెప్తారు, నీకు చెప్పరు." నా చేతులు ఖాళీగా ఉండటం నాకే వింతగా తోచింది. చనిపోయినామె కూతురు, అరవై దాటిన మనిషి, గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. పేరు, వయసు, పిల్లలు అడిగాను. ఓటరు కార్డు తెచ్చి చూపించింది, తొంభై ఒకటి. అక్కడితో నా ప్రశ్నలు అయిపోయాయి. మామ వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

"అమ్మ ఏం పని చేసేవారు?" అని అడిగాను.

"పనా?" అంది ఆమె. "చేయని పని ఉంటే చెప్పొచ్చు." ఓటరు కార్డు ఒళ్ళో పెట్టుకుని అంది, "మా అమ్మ చేయి మంచిదనేవాళ్ళు. తొలివాన పడితే చుట్టుపక్కల మూడూళ్ళ వాళ్ళు వచ్చేది. 'అవ్వా, మా సేన్లో ఒక పిడికిడు ఇడిసిపో' అని పిలిచేది. ఆమె ఇడిసినాకే వాళ్ళు విత్తేది. పోయిన ఏడు నడవలేకపోతే కుర్చీలో ఎత్తుకోని పోయినారు."

మామ అప్పుడు తలెత్తాడు. "కుర్చీలో ఎత్తుకోని పోయినప్పుడు పక్కన ఎవరుండారు?" అని అడిగి, ఆ రెండు పేర్లూ రాసుకున్నాడు. ఆ ఇంట్లో ఇచ్చిన కాఫీ ఇద్దరం తాగలేదు.

కోవిల్‌పట్టిలో హాలుకు చేరేసరికి ఏడవుతోంది. సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మైకువాడు అదే పాట మూడోసారి వేస్తున్నాడు. అత్త పట్టుచీరలో మొదటి వరసలో, ముఖం మాత్రం ఉతికి ఆరేసినట్టు. మామ చొక్కా మీది నల్లమట్టి దుమ్ముతోనే వేదిక ఎక్కాడు. టీవీ కుర్రాడు కింద నుంచే, "అయ్యా, రిటైర్మెంటుకు కూడా ఒకరోజు లేటా?" అన్నాడు. నా నోట్లో స్క్రోలింగ్ అన్న మాట సిద్ధంగా ఉంది. మామ వేదిక మీది నుంచే నన్ను చూశాడు. ఆ మాట మింగడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. శాలువా కప్పారు, చీఫ్ నాలుగు మంచి మాటలు చెప్పాడు. ముప్పైయేళ్ళలో ఒక్క తప్పు లేదు అనబోయి, సగంలో గుర్తొచ్చి, దగ్గి, ఆరోగ్యం మీదికి వెళ్ళిపోయాడు. మామ మైకు తీసుకుని ఆ వాక్యం తనే పూర్తి చేశాడు, "ఒక్కటి ఉంది. పొద్దున మీరంతా చదివారు." ఎవరి మీదా పెట్టలేదు. అత్త కళ్ళు తుడుచుకుంది, కానీ ముఖం ఆరేసినట్టు లేదిప్పుడు.

దిగాక వరండాలో చీఫ్‌ను పక్కకు పిలిచాడు. సవరణకు నాలుగు వరసలే చోటు ఉంచానన్నాడు చీఫ్. ఎనిమిది కావాలన్నాడు మామ. ఆమె వార్త విడిగా వెయ్యలేం, ప్రకటనైతే వేరు అన్నాడు చీఫ్. నాకు మళ్ళీ కోపం లేస్తోంది. మామ గొంతు మాత్రం కలెక్టరాఫీసులో అర్జీ చదివినంత నెమ్మదిగా ఉంది. "విడిగా అడగట్లేదు. ఎవరు చనిపోలేదో చెప్పి, ఎవరు చనిపోయారో చెప్పకపోతే అది సగం సవరణ. నేను ఇంతవరకూ సగం వార్త పంపలేదు, తమ్ముడూ." చీఫ్ శాలువా కప్పుకున్న ఆ దుమ్ముమనిషిని కొంచెంసేపు చూశాడు. "ఏడున్నరలోపు పంపండి సార్" అన్నాడు.

పది నిమిషాలుంది. హాలు మెట్ల మీద కూర్చున్నాను. మామ శాలువాతోనే అటూ ఇటూ నడిచాడు, ఫుల్‌స్టాప్‌లతో సహా చెప్పాడు. మాజీ ప్రెసిడెంటు క్షేమంగా ఉన్నారు. మరణించింది ఆయన అక్క, కారియాపట్టి నివాసి, తొంభై ఒక్క ఏళ్ళు. తల్లిలేని తమ్ముణ్ణి పెంచి చదివించారు. మూడూళ్ళ రైతులు తొలివానకు ఆమె చేతితో మొదటి పిడికెడు విత్తనం వేయించుకునేవారు. ప్రెసిడెంటుగారికి కొడుకులతోపాటు ఒక కూతురు కూడా ఉన్నారు, ఆయన వేయించిన బోర్లు మూడు. పొరపాటు ఈ విలేకరిది, చింతిస్తున్నాం.

నేను మొదటి వరసలో "ఈరోజు పత్రికలో వెలువడిన వార్త" అని కొట్టాను. మామ వంగి చూశాడు. "ఈరోజు అని కొట్టొద్దు పాపా. నిన్నటి పేపర్ అని కొట్టు. వాళ్ళు చదివేది రేపు గదా." దిద్ది, ఒకసారి పైకి చదివి, ఆయన తలూపాక పంపాను. ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని శాలువా కొసతో తుడిచి, లోపలికి వెళ్ళి చీఫ్‌కు అప్పగించి వచ్చాడు.

బుధవారం పొద్దున పేపరు తేవడానికి నేనే బస్టాండుకు వెళ్ళాను. ఎనిమిది వరసలూ ఉన్నాయి, ఒక్క మాట కొయ్యలేదు. మామ మెట్టు మీద కూర్చుని చదివి, మడిచి, పక్కన పెట్టి, కాఫీ పూర్తిగా తాగాడు. తర్వాత వీధిలోకి చూస్తూ ఊరికే కూర్చున్నాడు. ముప్పైయేళ్ళకు పైగా ఆయన తన ప్రతి ఈరోజునీ నిన్న అని రాసి పంపిస్తూ బతికాడు. ఆ బుధవారం ఆయనకు రాయాల్సిందేమీ లేదు, అందుకని మొదటిసారి ఒక రోజు సాయంత్రం దాకా ఈరోజుగానే ఉండిపోయింది.